గుమ్మలక్ష్మీపురంలో విడిది ఎవరిది కావాలి?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. రోజుకు వేలకు వేలు తీసుకునే కొండ విడిదిలో మాత్రం ఆ సామెత చెల్లదు. అడిగాక పెడితే అది మామూలు లాడ్జి; అడగకముందే కనిపెట్టి పెడితేనే ఖరీదైన విడిది. మెత్తటి పరుపు, కిటికీలోంచి కనిపించే లోయ, స్నానాలగదిలో పాలరాయి, ఇవన్నీ డబ్బు పెడితే ఎక్కడైనా అమరుతాయి. కనిపెట్టే మనిషే ఓ పట్టాన అమరడు. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ అధిపతి యాన్ కార్ల్‌జన్ 1980లలో దీన్ని లెక్కగట్టి చూపించాడు. ఏడాదిలో కోటిమంది ప్రయాణికులు, ఒక్కొక్కరికి ఎదురయ్యే ఉద్యోగులు సుమారు ఐదుగురు, ఒక్కో పలకరింపు సగటున 15 సెకన్లు. సంస్థ మంచిదో చెడ్డదో తేలేది ఆ కాస్త వ్యవధిలోనే అన్నాడాయన. అతిథి రెండు మూడు రోజులుండే విడిదిలో అలాంటి సందర్భాలు పొద్దున్న టీ దగ్గర నుంచి రాత్రి దోమతెర దాకా వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటి దగ్గర పైఅధికారి ఎవరూ నిలబడి చూడరు.

అందుకే పేరున్న హోటళ్లు నవ్వు నేర్పడంతో ఆగవు, అధికారం కూడా ఇస్తాయి. అతిథికి వచ్చిన ఇబ్బంది తీర్చడానికి పైవారిని అడక్కుండా 2,000 డాలర్ల దాకా ఖర్చుపెట్టవచ్చని రిట్జ్ కార్ల్‌టన్ తన ఉద్యోగులకు చెప్పిన మాట హోటల్ రంగంలో అందరికీ తెలిసిందే. ఆ డబ్బు కన్నా ఆ అనుమతి విలువ ఎక్కువ. కొండ మీద అయితే మరీను. గెడ్డ పొంగి దారి మూసుకుపోతుంది, రాత్రి కరెంటు పోతుంది, పిల్లవాడికి జ్వరం వస్తుంది. సెల్‌ఫోన్ సిగ్నల్ దొరికి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న యజమాని ఫోనెత్తి, ఆయన సరేననేదాకా ఆగితే తెల్లారిపోతుంది. ఆ వేళ అక్కడున్న మనిషికి నిర్ణయం తీసుకునే హక్కు ఉందా లేదా అన్నదే ఆతిథ్యానికి పరీక్ష. ఆ హక్కు ఎవరికైనా పుట్టుకతో వచ్చినట్టు ఉండేది ఆ విడిది తనదైనప్పుడే.

ఈ మాట గుమ్మలక్ష్మీపురం గురించి చెప్పవలసి రావడానికి కారణముంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో, ఒడిశా సరిహద్దున ఉన్న ఏజెన్సీ మండలమిది. సవరలు, జాతాపులు, కొండదొరలు ఉండే ఊళ్లు, తాడికొండ జలపాతం, జీడితోటలు, పోడు కొండలు. అరకు, లంబసింగి, వంజంగిల వైపు ఏటా పెరుగుతున్న జనం ఇంకా ఇటు మళ్లలేదు. మళ్లే రోజు ఎంతో దూరంలో లేదు. అప్పుడు ఇక్కడ ఎలాంటి విడుదులు వస్తాయన్నది అవి రాకముందే తేల్చుకోవలసిన విషయం. ఇందులో చట్టం ఒక సంగతిని ఎప్పుడో తేల్చేసింది కూడా. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించగా వచ్చిన, జనం 1/70 అని పిలుచుకునే చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారడం చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులపై సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదంది. ప్రభుత్వ సంస్థలకూ గిరిజనుల సహకార సంఘాలకూ మాత్రం దారి వదిలింది.

పెట్టుబడిదారులకు ఇది అడ్డుగోడలా కనిపిస్తుంది. గోడ దూకే ఉపాయం బినామీ. పట్టా గిరిజనుడి పేర, వ్యాపారం మరొకరిది. అరకు పరిసరాల్లో ఇలా నడుస్తోందని గిరిజన సంఘాలు ఏళ్లుగా ఆరోపిస్తున్నాయి. న్యాయాన్యాయాల మాట అటుంచి, ఆతిథ్యం లెక్కనే చూద్దాం. బినామీ విడిదిలో కాగితం మీది యజమాని గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉంటాడు, వాళ్లావిడ గదులూడుస్తుంది. అతిథికి ఎదురయ్యేది వాళ్లే. దుప్పటి మార్చాలన్నా, ఇంకో కుండ వేడినీళ్లు కాచాలన్నా వాళ్లు పైకి చూడాలి. తన కొండ మీద తానే కూలివాడైన మనిషి అతిథి కోసం ఎందుకు కనిపెట్టుకుని ఉండాలి? కొండ విడుదుల్లో సేవ బాగాలేదని విసుక్కునేవారు సిబ్బంది మొహాలు చూసి ఊరుకుంటారు, ఆస్తి కాగితాల దాకా వెళ్లరు. లోపం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

గిరిజనులు స్వతహాగా అతిథులను ఆదరిస్తారు కాబట్టి శిక్షణ అక్కర్లేదని కొందరంటారు. ఇది మెచ్చుకోలులా వినిపించే చిన్నచూపు. ఇంటికొచ్చిన చుట్టానికి చోడి అంబలి పోయడం వేరు, ఆరు గదులను ఏడాది పొడవునా ఒకే తీరున నడపడం వేరు. రెండోది పనితనం, నేర్చుకుంటే వచ్చేది. తాజ్ హోటళ్ల మీద 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా రాసిన వ్యాసంలో ఓ ఆసక్తికరమైన వివరముంది. అతిథులతో మెలగే ఉద్యోగుల కోసం తాజ్ మహానగరాలను వదిలి చిన్న పట్టణాలకు వెళ్లేది. పెద్దల పట్ల గౌరవం, సంతోష స్వభావం, ఆ ఉద్యోగం ఇంటికి ఎంత అవసరమన్నది చూసి ఎంచుకునేది. మిగతావారు 12 నెలలు నేర్పేదాన్ని 18 నెలలు నేర్పేది. గుణం చూసి తీసుకుని, పని ఓపిగ్గా నేర్పడమన్నమాట. మన్యం పిల్లలకు అలా ఏడాదిన్నర కేటాయించడానికి ఎవరూ ముందుకు రాకుండానే, వాళ్లకు చేతకాదని తేల్చడం తొందరపాటు. చిన్న కమతాల గిరిజన రైతులు సొంత తోటల్లో పండించిన అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. గింజ నాణ్యత విషయంలో ప్రపంచస్థాయి కొలతకు నిలబడినవారు గది నాణ్యతలో నిలబడలేరా?

ఇందుకు దృష్టాంతాలూ ఉన్నాయి. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో అటవీశాఖ తోడ్పాటుతో స్థానిక వన సంరక్షణ సమితి జంగిల్ స్టార్ శిబిరాన్ని నడిపింది. అది విలాసం కాదు, కానీ నడిపినవారు ఆ ఊరివారు. హిమాలయాల్లో ఎవరెస్ట్ దారి పొడవునా ఒకప్పుడు మూటలు మోసిన షెర్పా కుటుంబాలు ఇప్పుడు లాడ్జీల యజమానులు. అక్కడా అంతా సవ్యంగా లేదు: దారి పక్క ఊళ్లు బాగుపడ్డాయి, దారికి దూరంగా ఉన్నవి వెనకబడ్డాయి. గుమ్మలక్ష్మీపురంలో విడిది ఒక కుటుంబానికి కాక సంఘానికి చెందాలనడానికి ఇదే కారణం. డబ్బెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. గిరిజనేతరుడికి అమ్ముకోలేని భూమిని చూసి బ్యాంకు వెనకాడుతుంది. ఆ ఖాళీ పూడ్చవలసింది సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), పర్యాటక శాఖ. 1956 నుంచి అటవీ ఉత్పత్తుల కొనుగోలులో గిరిజన సహకార సంస్థ ఉండగా, గదుల వ్యాపారానికి అలాంటిది అసాధ్యమనుకోనక్కర్లేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే కొండల్లో విలాసం ఏమిటని. ఈ మాటను దాటవేయకూడదు. అతిథి కారు కోసం వేసిన రోడ్డు విడిది గేటు దగ్గర ఆగిపోయి, పైనున్న గూడేనికి వెళ్లకపోతే ఆ విలాసం సిగ్గుచేటే. సమత తీర్పులోనే దీనికో దారి ఉంది. గనుల సందర్భంలో నికర లాభంలో కనీసం 20 శాతం నీరు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం తీసిపెట్టాలని అందులో కోర్టు చెప్పింది. ఆ లెక్కనే గది అద్దెకూ వర్తింపజేయాలి. నిజానికి అతిథికీ గూడేనికీ కావలసినవి చాలావరకు ఒకటే: వానలో తెగని దారి, పిలిస్తే వచ్చే అంబులెన్స్, మలేరియా పరీక్ష, మంచినీళ్లు.

గిరిజన జీవితం ప్రదర్శనశాల అవుతుందన్న భయమూ నిరాధారం కాదు. సాయంత్రం ఏడింటికి డప్పు, ఎనిమిదింటికి భోజనం అని పట్టిక వేసుకున్న చోట నాట్యం ఉద్యోగమైపోతుంది. దీన్ని ఆపగలిగేది కూడా యాజమాన్యమే. కందికొత్తల పండగకు బయటివారిని పిలవాలా వద్దా, ఫొటో తీయనివ్వాలా, జీలుగుకల్లు అమ్మాలా అన్నది నిర్ణయించే హక్కు ఊరిదైతే, వద్దనగలిగే ధైర్యమూ ఊరికి ఉంటుంది. జీతగాడు వద్దనలేడు.

ఇందులో పర్యాటకులకూ పనుంది. ఏజెన్సీలో గది బుక్ చేసుకునేముందు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడుగుతారు కదా. భూమి పట్టా ఎవరి పేర ఉంది, అద్దె ఎవరి ఖాతాలో పడుతుంది అని కూడా అడగండి.