అలలను శోధింపవద్దు



సంగారెడ్డి, పటాన్‌చెరు వాసులమైన మనకు తెలిసినవి చెరువులు, మంజీర నది. సెలవుల్లో మన యౌవనస్థులు విశాఖపట్నమో, సూర్యలంకో వెళ్ళినప్పుడు అలలను చూచి సంతోషిస్తారే గాని వాటి బలమెరుగరు. ఎన్నో చిన్న అలల తరువాత ఒక్కసారిగా పెద్ద అల రావచ్చు. బండ తడిగా ఉన్నదంటే అల అక్కడిదాకా వస్తుందన్నమాట.

నదిలోనూ ఇటువంటి అపాయమున్నది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ డ్యామ్ నుండి వదిలిన నీటితో బియాస్ నది హఠాత్తుగా పొంగింది. మన పొరుగున బాచుపల్లిలోని ఇంజనీరింగ్ కాలేజీ నుండి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది విద్యార్థులు ఆ ప్రవాహంలో కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రుల దుఃఖం మనం మరువరాదు.

"ప్రార్థన చేసుకొని వచ్చాము, మనకేమీ కాదు" అనవద్దు. దేవాలయ శిఖరము నుండి దూకుమన్న శోధకుని మాట మన ప్రభువు వినలేదు. జాగ్రత్తపడటం అవిశ్వాసం కాదు.

సముద్రానికి వీపు త్రిప్పి ఫోటోలు దిగవద్దు. తడి బండలెక్కవద్దు. ఎవరైనా కొట్టుకుపోతే వెంట దూకక, తాడు గాని ఖాళీ డబ్బా గాని విసరి, కేకవేసి సహాయం పిలువండి.

పెద్దలకు మా మనవి ఒక్కటే: పిల్లలను బస్సెక్కేటప్పుడు కాదు, నీటి ఒడ్డునే లెక్కపెట్టుకొనండి.