ఏ కర్రతో ఎంత దూరము?

గోల్ఫు ఆటను తొలిసారి చూచువారికి ఒక సందేహము కలుగుట సహజము. బంతి ఒక్కటే; దానిని చేర్చవలసిన గుంటయు ఒక్కటే; ఆ గుంట వ్యాసము 4¼ అంగుళములు మాత్రమే. అట్లయిన ఆటగాని సంచిలో ఇన్ని కర్రలెందుకు? క్లబ్బులని పిలువబడు ఈ కర్రలను నియమము ప్రకారము 14 వరకు వెంట నుంచుకొనవచ్చును. ఒక్కొక్కటి ఒక్కొక్క దూరమునకు ఉద్దేశింపబడినది. కాని ఆ దూరము కర్రమీద వ్రాసియుండదు. దానిని ఎవరికి వారు కొలిచి తెలిసికొనవలసినదే.

ఇనుప తలగల కర్రలను ఐరనులందురు. వీనిలో 3వ నంబరు ఐరను ముఖము కొంచెముగా మాత్రమే వెనుకకు వాలియుండును. 9వ నంబరుది బాగుగా వాలియుండును. నంబరు పెరిగినకొలది వాలు పెరిగి, కర్ర పొట్టియగును; బంతి ఎత్తుగా లేచి దగ్గరగా పడును. ప్రక్కప్రక్క నంబరులకు సాధారణముగా 10 లేక 15 గజముల తేడా ఉండును. అయితే ఒకే 7వ నంబరు ఐరనుతో బలశాలి 170 గజములు కొట్టగా, మరియొకరు 120 గజములే కొట్టవచ్చును. ఎవరి దూరము వారిది. తన దూరమేదో తెలియనివానికే చిక్కు.

కొలుచు విధానము కష్టమైనది కాదు. గాలి లేని ఉదయమున, చదునైన నేలపై, శరీరము కొంత వేడెక్కిన పిమ్మట, ఒకే కర్రతో 10 బంతులను కొట్టవలెను. బంతి దొరలి ఆగిన చోటును గాక, అది మొదట నేలను తాకిన చోటును తోడివాడొకడు గుర్తింపవలెను. ఏలయన ఎండిన నేలపై బంతి చాలదూరము దొరలును. తడినేలపై పడినచోటనే నిలుచును. దారిలోని నీటిమడుగును, ఇసుకగుంటను దాటించునది గాలిలో పోయిన దూరమే. అడుగులతో కొలుచువారు తమ అడుగు గజమునకు సరిపోవునో లేదో ముందుగా టేపుతో చూచుకొనవలెను. లేజరు సాధనమున్నవారికి ఈ శ్రమ లేదు.

పది కొలతలలో మిక్కిలి దూరమైన రెండింటిని, మిక్కిలి దగ్గరైన రెండింటిని విడిచి, మిగిలిన ఆరింటి సగటును తీయవలెను. అవి 128, 130, 131, 133, 134, 136 గజములైనచో సగటు 132. విడిచిన వానిలో ఒకటి 148 గజములు పోయియుండవచ్చును. మనస్సు ఆ ఒక్కదానినే పట్టుకొని ‘ఇదియే నా దూరము’ అనుచుండును. ఎదుట 140 గజముల వరకు నీరున్నపుడు ఆ జ్ఞాపకమును నమ్మినవాని బంతి నీటిపాలగును.

కంటి అంచనా ఎంతగా తప్పునో తెలుపు వృత్తాంతమొకటి చంద్రునిపై జరిగినది. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 యాత్రికుడు ఆలన్ షెపర్డ్, 6వ నంబరు ఐరను తలను ఒక పరికరపు పిడికి తగిలించి, ఒంటిచేతితో బంతులను కొట్టెను. రెండవది మైళ్లకొలది పోవుచున్నదని ఉత్సాహముగా పలికెను. ఆనాటి ఛాయాచిత్రములను పరిశీలించి 2021లో లెక్కింపగా, అది పోయినది సుమారు 40 గజములేనని తేలినది. మొదటిది 24 గజములు! బిగుసుకొనిపోయిన అంతరిక్షపు దుస్తులతో అంతమాత్రము కొట్టుటయు ఘనకార్యమే. కాని 40 గజములు మైలు కానేరదు.

ఒకసారి కొలిచిన దూరము ఎల్లచోట్లను చెల్లదు. చలిలో బంతి తక్కువ దూరము పోవును. ఎదురుగాలి దానిని ఆపును. సముద్రమట్టమునకు 7,000 అడుగులకు పైనున్న మెక్సికో నగరమున గాలి పలుచనగుటచే అదే దెబ్బకు బంతి ఎక్కువ దూరము పోవును. 2017 నుండి 2020 వరకు అక్కడ జరిగిన పెద్దపోటీలలో ప్రసిద్ధ ఆటగాండ్రు సైతము తమ లెక్కలను సవరించుకొనవలసివచ్చెను. వయస్సుతో బలము మారును గనుక, ఏడాదికొకసారియైనను తిరిగి కొలిచి, చిన్నపుస్తకమున వ్రాసి సంచిలో నుంచుకొనుట మంచిది.

గోల్ఫు ఆడనివారికిని ఈ సంగతి ఉపయోగపడును. పోటీల వ్యాఖ్యానమున, ఫలానా ఆటగాడు 8వ నంబరును సంచిలో పెట్టి 7వ నంబరును తీసికొనెనని విన్నపుడు, అతడు గాలిని, నీటిని, తన బలమును కలిపి లెక్కకట్టుచున్నాడని గ్రహింపవచ్చును.