గాజు కెటిలు - తెల్లని గార



ఇత్తడి పాత్ర లోపల నేమున్నదో చేయిపెట్టి తడిమినగాని తెలియదు. గాజుపాత్ర యట్లు గాదు. తనలోని మంచిని, చెడ్డను నలుగురి యెదుట నొక్కరీతిగా జూపును. అందుచేతనే గాజు కెటిలు మా యింట నడుగుపెట్టిన నెలలోపల నే నొక నిరపరాధిని నిందించిన పాపము గట్టుకొంటిని. ఆ కథయు, దానివలన నేర్చుకొన్న పాఠమును మీకు మనవి చేసికొందును.

గత సంక్రాంతి పండుగకు మా తమ్ముడు విద్యుత్తుతో గాగెడు గాజు కెటిలు నొకదానిని దెచ్చి యిచ్చెను. తెల్లవారుజామున మామగారికి వేడినీళ్లు, మావారు పాఠశాలకు బోవుటకు ముందు తేనీరు, రాత్రి పిల్లలకు గోరువెచ్చని నీళ్లు, అన్నియు దానితోడనే. నీరు మరగునపుడు ముత్యములవంటి బుడగలు లేచుట చూచి పిల్లలు చప్పట్లు కొట్టెడివారు. పదునైదు దినములు గడచెనో లేదో, అడుగున తెల్లని పొర కనబడెను. నెల నిండుసరికి ప్రక్కలకు ప్రాకెను. నీటిపై తెల్లని రేకులు తేలజొచ్చెను. ఒకనాడు మావారి స్నేహితుని భార్య మా యింటికి వచ్చి, తేనీరు త్రాగుచు, కెటిలు వంక చూచి, మాటాడక చిరునవ్వు నవ్వెను. ఆ నవ్వు నా మనస్సున ములుకువలె నాటెను.

ఆమె వెళ్లిన పిదప అంట్లు తోము పిల్లను బిలిచి, "ఇదేనా నీవు తోముట?" అని కసరితిని.

"రోజూ తోముతూనే ఉన్నానండీ, అమ్మగారూ! పీచుతో రుద్దితే గాజుకు గీతలు పడుతున్నాయి గాని తెలుపు పోవడం లేదు. మీ నీళ్లకాగులో ఎప్పుడైనా చూశారా? మా ఇంట్లో నీళ్లు కాచే తపేలా అడుగునా ఇంతే" అని ఆ పిల్ల కన్నుల నీరు నింపుకొనెను.

నేను నమ్మలేదు. అయినను మరునాడు దొడ్డిలోని యిత్తడి కాగును వంచి లోపల చేయిపెట్టి చూచితిని. గోటిమందమున గరుకైన రాతిపొర! కాపురమునకు వచ్చిననాటినుండి వెలుపల చింతపండుతో తళతళలాడునట్లు తోమించుచున్న ఆ కాగు లోపల, నేనెఱుగకుండ రాయి పెరుగుచునే యున్నది. గాజు చేసిన తప్పెల్ల, ఉన్నదానిని జూపుటయే. ఆ పిల్లను బిలిచి "తప్పు నాదే" యని చెప్పితిని. చెప్పుట కొంత కష్టమే యయ్యెను. చెప్పకుండుట యంతకన్న కష్టము.

ఇది మురికి గాదు, రాయి

మా వేటపాలెము ఇప్పుడు బాపట్ల జిల్లాలో, సముద్రమునకు సమీపమున నున్నది. ఇచటి పెద్దలు బావినీళ్లను "ఉప్పునీళ్లు", "మంచినీళ్లు" అని రెండు తెగలుగా జెప్పుదురు. కాని నీటికి కాఠిన్యమను గుణము వేఱొకటి గలదు. దానిని దెలిసికొనుటకు మా యూరి సారస్వత నికేతనమునకు బోయితిని. 1918లో వెలసిన గ్రంథాలయమది. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన జేసెను. రసాయనశాస్త్ర గ్రంథములు తిరుగవేయగా సంగతి యిట్లు బోధపడినది.

వాననీరు భూమిలో నింకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు గాలిని తనలో గలుపుకొనును. అందుచే నీటికి సూక్ష్మమైన పులుపు వచ్చి, అది సున్నపురాతిని గరగించును. మన నల్లరేగడి నేలలలోని సున్నపు గడ్డలును, తీరపు టిసుకలోని గుల్లముక్కలును ఇట్లే కరగి నీటిలో జేరును. కరగియున్నంతసేపు కంటికి గనబడవు. నీటిని గాచినపుడు ఆ గాలి వెడలిపోవును. సున్నము మరల రాయియై పాత్రకు బట్టును. దీనిపేరు కాల్షియం కార్బొనేటు. ఉత్తరమున బొర్రా గుహలలో నీటిబొట్టు జాఱి జాఱి వేలయేండ్లకు రాతిస్తంభములు నిలుచుటకు కారణమైన పదార్థమే, మన కెటిలులో నెలనాళ్లలో పొర గట్టుచున్నది.

మావారు దీనిని పిల్లలకు ప్రత్యక్షముగా జూపిరి. రామాపురము సముద్రతీరమున వా రేరి తెచ్చిన ఆల్చిప్పమీద నొకచుక్క, కెటిలునుండి రాలిన రేకుమీద నొకచుక్క వెనిగరు వేసిరి. రెండును ఒక్కతీరున బుసబుస పొంగెను.

కందిపప్పు ఎంతసేపటికి నుడకకుండుట, సబ్బు నురుగు రాకుండుట, తేనీటిపై నూనెవంటి తెట్టు గట్టుట, ఇవియు నీ కాఠిన్యపు ఫలములే. తేనీటిలో రెండు నిమ్మచుక్కలు పిండినచో తెట్టు విరిగిపోవును. మన పూర్వులు చిల్లగింజ నరగదీసి కలిపి బురదనీటిని దేర్చెడివారు. అది మట్టిని అడుగంటించును గాని, కరగిన సున్నమును దీయజాలదు. నీరు తేటయగుట వేఱు, మెత్తనగుట వేఱు.

భారతీయ ప్రమాణముల సంస్థవారు 2012లో ప్రకటించిన నియమము ననుసరించి త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేఱు నీరు దొరకనిచోట 600 వరకు నోర్వవచ్చును. గార రేకొకటి పొరపాటున గడుపులోనికి బోయినను విషము గాదు. కాని పొర మందమైనకొలది వేడి నీటికి జేరుట యాలస్యమగును, విద్యుత్తు వ్యర్థమగును, అడుగు పళ్లెము అతిగా వేడెక్కి కెటిలు త్వరగా జెడును.

వదలించు విధము

గీరరాదు, కరగింపవలెను. పులుపుచే రాయి కరగునని ఆల్చిప్పయే చెప్పినది గదా! ఇందుకు కిరాణాకొట్లలో దొరకు నిమ్మ ఉప్పు మేలైనది.

గార మునుగునంతవరకు కెటిలులో నీరు పోసి గోరువెచ్చగా గాచి, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసివేయుడు. అరలీటరు నీటి కొక చిన్నచెంచాడు నిమ్మ ఉప్పు చల్లి అరగంటసే పుంచుడు. బుడగలు లేచి, కొంతసేపటికి ఆగిపోవును. ఆ నీటిని పారబోసి, మెత్తని గుడ్డతో దుడిచి, మూడుమార్లు కడుగుడు. పిమ్మట నొకమారు మంచినీటిని మరగించి పారబోయుడు. మిగిలిన గార యున్నచో మరల జేయుడు. నిమ్మ ఉప్పు కలిపిన నీటిని మరగింపకుడు. వేడి హెచ్చినకొలది పులుపు సున్నముతో గలిసి వేఱొక కరగని తెల్లపొరగా నేర్పడును.

నిమ్మ ఉప్పు లేనిచో వెనిగరు, నీరు సమపాళ్లుగా గలిపి గంటసే పుంచవచ్చును. చింతపండు ఇత్తడి చిలుమునకు దివ్యౌషధమే కాని యిచట పనికిరాదు. దానిలోని పులుపు సున్నముతో గలిసిన సులభముగ గరగదు, రంగును మిగులును. స్నానపుగదులు కడుగు ఆసిడ్డును త్రాగునీటి పాత్రలో నెన్నడును బోయకుడు. బ్లీచింగు పొడిని ఏ పులుపుతోడను గలుపకుడు, విషవాయువు పుట్టును. కెటిలు క్రిందిభాగమును నీట ముంచకుడు.

కాగిన గాజుమీద చన్నీళ్లు పోయుటయు దగదు. మామూలు గాజు ఒకచోట వ్యాకోచించి మఱియొకచోట వ్యాకోచింపక పగులును. బోరోసిలికేటు గాజు వేడికి వ్యాకోచించుట దానిలో మూడవవంతు మాత్రమే గనుక ఓర్చుకొనును. ఈ జాతి గాజును వంటయింటికి దెచ్చుటలో నొక గృహిణికి భాగమున్నది. అమెరికాలో కార్నింగు గాజు కర్మాగారపు శాస్త్రజ్ఞుడైన జెస్సీ లిటిల్టన్ భార్య బెస్సీ, 1913లో, భర్త తెచ్చిచ్చిన బ్యాటరీ జాడీ అడుగుముక్కలో కేకు కాల్చి చూచినది. 1915లో పైరెక్సు పాత్రలు అంగడికి వచ్చినవి. మీ కెటిలు ఏ గాజుదో పెట్టెమీద చదివి తెలిసికొనుడు.

గార పట్టకుండుటకు రాత్రి నీరు నిలువయుంచక వంపి ఆరబెట్టుడు. శుద్ధియంత్రపు నీరు గాని, మొదటి జల్లు విడిచి పట్టిన వాననీరు గాని పోసినచో గార దాదాపు పట్టదు. పొర పలుచగా నున్నపుడే పక్షమున కొకమారు కరగించుట తేలిక.

గాజు చూపనిది

ఒక్కమాట మఱువరాదు. గాజు సున్నమును జూపును గాని ఫ్లోరైడును జూపదు. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నుండిన కాలమున, 1937లో, షార్టు మొదలగు వైద్యులు ఆ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడుచే పండ్లు మచ్చలువాఱి, ఎముకలు బిగిసిన జనులను గూర్చి వ్రాసిరి. నీటిని గాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయినకొలది మఱింత చిక్కనగును. కాబట్టి "కెటిలు తెల్లగా లేదు, మా నీరు మంచిదే" యని యెవ్వరును మోసపోవలదు. బోరునీరు త్రాగువారు గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో నొకమారు పరీక్ష చేయించుకొనుట శ్రేయస్కరము.

ఇప్పుడు పాడ్యమినాటి యుదయమున నేనును, ఆ పిల్లయు గలిసి కెటిలులో నిమ్మ ఉప్పు వేసి, బుడగలు లేచుట చూచుచు గూర్చుందుము. మొన్న నొక పొట్లము ఆమె చేతి కిచ్చితిని. మరునాడు వచ్చి, "మా స్టీలు తపేలా కూడా తెల్లబడిందండీ, అమ్మగారూ! కాదు, తెలుపు పోయింది" అని నవ్వెను. వస్తువు మాసినపుడు తోమినవారిని దూఱుటకు ముందు నీటి నడుగుదము. సోదరీమణులారా, మీ యిండ్లలోని కాగులను సైత మొకమారు వంచి చూడుడు.