యార్డులో బరువులు లాగే చిన్న ఇంజను



మన ఉప్పర్వాహి, గడ్చాందూర్ ప్రాంతంలోని సిమెంటు ఫ్యాక్టరీలకు రైలు వ్యాగన్లు ఎంతో అవసరం. ఆ వ్యాగన్లను విడదీసి, ముందుకూ వెనక్కూ జరిపి, మళ్లీ వరుసగా కూర్చే పనినే షంటింగ్ అంటారు. ఈ పని చేసే ఇంజను వేగంగా పరుగెత్తనక్కర్లేదు. నిలిచి ఉన్న బరువును కదిలించగలిగితే చాలు.

ఒకప్పుడు ఈ పని ఆవిరి ఇంజన్లు చేసేవి. అందులో ఓ చిక్కు ఉంది. షంటింగ్ ఇంజను పని చేసేది కొంతసేపు, ఊరికే నిలబడేది చాలాసేపు. నిలబడినా బొగ్గు కాలుతూనే ఉండాలి, ఫైర్‌మన్ పొయ్యి చూస్తూనే ఉండాలి. నిప్పు ఆర్పితే మళ్లీ ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది.

అందుకే బ్రిటన్ రైల్వేలు 1930లలో డీజిల్ వైపు చూశాయి. ఎల్.ఎం.ఎస్. రైల్వే డెర్బీలో ఓ పాత ఆవిరి ఇంజను భాగాలతో 1831 నంబరు డీజిల్ ఇంజను తయారుచేసింది. అందులో శక్తి చక్రాలకు ద్రవం ద్వారా అందేది. అది అంతగా అక్కరకు రాలేదు. 1934లో హాథార్న్ లెస్లీ, ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థలు 300 అశ్వశక్తి గల డీజిల్-ఎలక్ట్రిక్ నమూనాను తయారుచేశాయి. ఎల్.ఎం.ఎస్. దాన్ని కొన్నది. ఆ బాటలోనే 1952 నుంచి 1962 వరకు ‘క్లాస్ 08’ ఇంజన్లు 996 తయారయ్యాయి.

డీజిల్-ఎలక్ట్రిక్ అంటే ఏమిటి? డీజిల్ ఇంజను నేరుగా చక్రాలను తిప్పదు. అది జనరేటరును తిప్పుతుంది. అక్కడ పుట్టిన కరెంటు మోటార్లకు చేరుతుంది. చక్రాలను తిప్పేవి ఆ మోటార్లు. అవి కదిలే తొలిక్షణంలోనే ఎక్కువ బలం చూపుతాయి. షంటింగుకు కావలసింది సరిగ్గా అదే. మన దేశంలో యార్డుల కోసం తయారైన డబ్ల్యు.డి.ఎస్.-6 కూడా ఈ పద్ధతిదే. దాని శక్తి సుమారు 1400 అశ్వశక్తి.

సైడింగుల పక్కన ఉండే మనకు ఇందులో ఓ పాఠం ఉంది. ఆవిరి ఇంజనులా ఇది పొగతో, బుసలతో ముందుగా హెచ్చరించదు. వరుసకు అటు చివర ఇంజను ఉంటే, ఇటు చివర నిలబడిన మనకు కనబడదు. అది కదిలితే ఆ కుదుపు పెట్టె నుంచి పెట్టెకు క్షణాల్లో పాకుతుంది. అందుచేత ఆగి ఉన్న వ్యాగన్ల కింద దూరకండి, సందుల్లోంచి దాటకండి. పొలానికి వెళ్లేవారికీ, బడికి వెళ్లే పిల్లలకూ ఈ మాట చెప్పండి. పది నిమిషాలు ఆలస్యమైనా గేటు దగ్గరే పట్టాలు దాటండి.