క్లౌడ్‌లో మన కాగితాలు: నమ్మకం ఎంతవరకు?

పంట రుణానికి బ్యాంకుకు వచ్చే రైతు చేతిలో ఒకప్పుడు గుడ్డసంచి ఉండేది. పట్టాదారు పాసుపుస్తకం, శిస్తు రసీదులు, దస్తావేజుల నకళ్ళు అన్నీ ఆ సంచిలోనే. నేడు చాలామంది సెల్‌ఫోను తీసి చూపిస్తున్నారు. "కాగితాలన్నీ ఇందులోనే ఉన్నాయి సార్. ఫోను పోయినా భయం లేదు, డ్రైవ్‌లో దాచిపెట్టాడు మా అబ్బాయి" అంటున్నారు. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల డీలర్లలోనూ బిల్లులను, స్టాకు లెక్కలను ఈ విధంగా దాచుకునేవారు పెరిగారు. ఇది సంతోషించదగిన మార్పే. అయితే దాచిన చోటు ఎటువంటిది, అవసరమైన నాడు దాచినది మన చేతికి తిరిగి వస్తుందా అన్న విచారణ మాత్రం తగినంతగా జరగడం లేదు.

క్లౌడ్ అంటే మేఘం. పేరు మేఘమే గాని, వ్యవహారమంతా నేల మీదనే. పెద్ద పెద్ద భవనాలలో వేలాది కంప్యూటర్లను వరుసలుగా అమర్చి, వాటిని చల్లబరచే యంత్రాలు పెట్టి, రాత్రింబగళ్ళు విద్యుత్తుతో నడుపుతుంటారు. మనం ఫోనులో తీసిన ఫొటో ఇంటర్‌నెట్ ద్వారా అక్కడికి చేరి, అక్కడి డిస్కులలో నిలిచి ఉంటుంది. అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతంలో 2022 నవంబరులో ఇటువంటి కేంద్రాల సేవలను ప్రారంభించింది. విశాఖపట్నంలో భారీ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది. కనుక క్లౌడ్‌ను పరుల భవనంలో మనకు కేటాయించిన పెట్టెగా భావించడం సమంజసం. బ్యాంకు లాకరు వంటిదే అనుకోవచ్చు. కాని లాకరుకు ఒక లెక్క ఉన్నది. 2022 జనవరి 1 నుండి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి కారణాలతో లాకరులోని వస్తువులు పోతే, వార్షిక అద్దెకు 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి. ఉచితంగా లభించే క్లౌడ్ సేవలో అటువంటి హామీ ఆశించరాదు. మనం చదవకుండానే "అంగీకరిస్తున్నాను" అని నొక్కే షరతులలో సంస్థ తన బాధ్యతను సాధారణంగా చాలావరకు పరిమితం చేసుకునే ఉంటుంది.

కాగితమే శాశ్వతమని వాదించడం నా ఉద్దేశం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఇనుప బీరువాలలోని కాగితాలకు కూడా రక్షణ లేకపోయింది. తీరప్రాంతాలలో తుపాను, మెట్ట ప్రాంతాలలో చెదలు, పూరింటికి నిప్పు. వీటికి తోడు కొత్త శత్రువు మరొకటి వచ్చింది. దుకాణాలలో చిన్న యంత్రం నుండి వెలువడే బిల్లులు వేడితో అక్షరాలు తేలే ప్రత్యేకమైన కాగితం మీద ఉంటాయి. ఎండ, వేడి తగిలితే కొద్ది నెలలలోనే ఆ అక్షరాలు మాసిపోతాయి. మొలకెత్తని విత్తనంపై వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి రెండేళ్ళ గడువు ఉన్నది. ఆ రోజున తెల్లకాగితం చూపిస్తే ప్రయోజనమేమి? అందుచేత విత్తనాల బిల్లును, సంచికి కుట్టిన లేబులును కొన్న రోజుననే ఫొటో తీసి క్లౌడ్‌లో ఉంచడం కాగితంపై ఆధారపడడం కంటె ఎన్నో రెట్లు మేలు. లేబులును, ఖాళీ సంచిని కూడా పారవేయకుండా ఉంచుకోవాలి.

పెద్ద కేంద్రాలూ దగ్ధమవుతాయి

పెద్ద సంస్థ గనుక దోషం జరగదని కొందరి విశ్వాసం. ఇటీవలి రెండు ఉదంతాలు ఈ విషయమై పరిశీలించదగినవి.

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రం ఒకటి ఉన్నది. 2025 సెప్టెంబరు 26న అక్కడ లిథియం బ్యాటరీలను తరలించే పనిలో మంటలు చెలరేగాయి. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్ళను దాచుకునే "జీ-డ్రైవ్" అనే క్లౌడ్ ఆ భవనంలోనే ఉండేది. 858 టెరాబైట్ల సమాచారం దగ్ధమయింది. ఇంత భారీ సమాచారానికి మరొకచోట ప్రతి ఉంచడం కష్టమని భావించి ఉంచనేలేదు. ఆధునిక సాంకేతిక విజ్ఞానంలో అగ్రగామిగా పేరొందిన దేశంలో, స్వయంగా ప్రభుత్వం నడిపే కేంద్రంలో జరిగిన సంగతి ఇది.

రెండవది ఆస్ట్రేలియాలోనిది. ఐదు లక్షలకు పైగా సభ్యులున్న యూనిసూపర్ అనే పెన్షను నిధి తన కంప్యూటర్ వ్యవస్థను గూగుల్ క్లౌడ్‌లో నడుపుకునేది. 2024 మే నెలలో గూగుల్ సంస్థ వైపున జరిగిన ఒక అమరిక పొరపాటు వల్ల ఆ నిధికి చెందిన ప్రైవేటు క్లౌడ్ చెరిగిపోయింది. రెండు వేర్వేరు ప్రాంతాలలో ఉంచిన ప్రతులు కూడా ఒకేసారి పోయాయి, ఎందుకంటే రెండూ ఆ ప్రైవేటు క్లౌడ్ కిందివే. అయితే ఆ నిధి నిర్వాహకులు మరొక సంస్థ వద్ద వేరుగా ప్రతి ఉంచుకున్నారు. దాని సాయంతో రోజుల తరబడి శ్రమించి సేవలను పునరుద్ధరించగలిగారు.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, యంత్రాల నాణ్యత కంటె వేరొక చోట ప్రతి ఉన్నదా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయించినట్లు స్పష్టమవుతుంది. మబ్బులలో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్న సామెత మనవారికి కొత్త కాదు.

తాళంచెవి ఎవరి చేతిలో?

ఇంతకూ అగ్నిప్రమాదాలు అరుదు. మన గ్రామాలలో నిత్యం జరిగే నష్టం వేరు. గత సంవత్సరం ఒక ఎరువుల డీలరు క్యాష్ క్రెడిట్ పరిమితి పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకున్నారు. పరిశీలనకై స్టాకు వివరాలు, మూడు సంవత్సరాల కొనుగోలు బిల్లులు చూపించమని కోరాను. అన్నీ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయని చెప్పారు. నిజంగానే ఉన్నాయి. కాని ఆ ఖాతాను తెరిచింది దుకాణంలో లెక్కలు రాసిన కుర్రవాడు. తెరిచింది తన సొంత మొబైల్ నంబరుతో. ఆ అబ్బాయి ఉద్యోగం మాని నగరానికి వెళ్ళాడు, నంబరు మార్చుకున్నాడు. పాస్‌వర్డు అతనికి జ్ఞాపకం లేదు. కొత్త పాస్‌వర్డు కోసం ప్రయత్నిస్తే ఓటీపీ పాత నంబరుకు పోతున్నది. "నా కాగితాలు నేనే చూడలేకపోతున్నాను, ఏమి చేయమంటారు సార్?" అని ఆ పెద్దమనిషి వాపోయారు. టోకు వ్యాపారుల వద్దకు తిరిగి నకళ్ళు తెచ్చుకుని, జీఎస్టీ రిటర్నులతో సరిచూసుకుని వివరాలు సమకూర్చుకునే సరికి ఆరు వారాలు పట్టింది. ఖరీఫ్ స్టాకు దింపుకునే అదను అంతలోనే దాటిపోయింది.

ఈ ఉదంతంలో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆ కుర్రవాడు మంచివాడే. నెట్ సెంటరు నడిపేవారు, మేనల్లుడు, పక్కింటి విద్యార్థి మన కోసం ఖాతా తెరిచి పెట్టినప్పుడు మంచి మనసుతోనే తెరుస్తారు. కాని ఖాతాకు ఏ నంబరు జతపడి ఉంటే ఆ నంబరు గలవారే దానికి నిజమైన యజమానులు. రైతు ఇల్లు, పొరుగువాని తాళం. నా అభిప్రాయంలో క్లౌడ్ విషయంలో మొదట వేయవలసిన ప్రశ్న ఆ సంస్థ నమ్మదగినదా అన్నది కాదు. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తున్నది అన్నది.

సొంత నంబరు అయినా ఒక జాగ్రత్త అవసరం. ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల పాటు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దానిని నిలిపివేయవచ్చు. రద్దయిన నంబరును కనీసం మరో 90 రోజుల పిదప కొత్తవారికి కేటాయిస్తారు. అప్పటి నుండి మన ఓటీపీలు ఆ అపరిచితునికి చేరతాయి. అదేవిధంగా ఖాతాను తెరిచి చూడకుండా వదిలివేయడమూ ప్రమాదమే. రెండు సంవత్సరాల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను అందులోని ఫైళ్ళతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలు చేస్తున్నది. ఉచితంగా ఇచ్చే స్థలం సాధారణంగా 15 జీబీ. మెయిలు, ఫొటోలు, ఫైళ్ళు అన్నిటికీ కలిపి అంతే. పెళ్ళి వీడియోలతో అది నిండిపోతే దస్తావేజు ఫొటోకు చోటుండదు, కొత్త మెయిలు కూడా రాదు.

అసలుకు విలువ ఉన్న కాగితాలు

ఏ కాగితాన్ని క్లౌడ్‌కు అప్పగించవచ్చు, దేనిని అప్పగించి ఊరుకోరాదు అన్నది కాగితం స్వభావాన్ని బట్టి ఉంటుంది.

రిజిస్టరు దస్తావేజు విషయం తీసుకుందాం. అసలు దస్తావేజులను బ్యాంకులో డిపాజిట్ చేసి తనఖా పెట్టే పద్ధతిలో అసలు కాగితానికే విలువ. ఫొటో తనఖాకు పనికిరాదు. అయినా ఆ ఫొటోకు గొప్ప ఉపయోగం ఒకటున్నది. అసలు పోయిన పక్షంలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ నకలు పొందవచ్చు. అందుకు దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్టరు అయిన కార్యాలయం తెలియాలి. వరదలో సర్వం కోల్పోయిన కుటుంబానికి ఈ మూడు వివరాలు తెలిపేది ఆ ఫొటోయే. అసలు మా బ్యాంకులో ఉన్నవారు కూడా ప్రతి పేజీకి ఫొటో ఉంచుకోవడం మంచిది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలోగా అసలు పత్రాలను తిరిగి ఇవ్వాలని, బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశం 2023 డిసెంబరు 1 నుండి అమలులో ఉన్నది. ఏయే పత్రాలు ఇచ్చామో చూపించగలవారికే ఆ హక్కు సులభంగా దక్కుతుంది.

డీలరు మిత్రులు ప్రోనోట్ల విషయమై ప్రత్యేకంగా గమనించాలి. ఇరుగుపొరుగు రైతులకు అరువు ఇచ్చి రాయించుకున్న ప్రోనోటును ఫొటో తీసి, అసలును నిర్లక్ష్యంగా పడవేయడం పెద్ద ప్రమాదం. ప్రైవేటు వ్యక్తుల మధ్య రాసుకున్న ప్రోనోట్లకు, వీలునామాలకు సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రూపాన్ని అనుమతించదు. ఇక ఇతర పత్రాల ఎలక్ట్రానిక్ ప్రతులను కోర్టులో సాక్ష్యంగా దాఖలు చేయాలన్నా, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది.

వ్యాపార లెక్కల సంగతి ఇందుకు భిన్నం. జీఎస్టీ చట్టం లెక్కలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకోవడానికి అంగీకరిస్తుంది. వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలల పాటు వాటిని భద్రపరచాలి. ప్రమాదవశాత్తు పోయినా తిరిగి పొందగలిగే విధంగా ప్రతిని కూడా ఉంచాలని నిబంధనలలోనే ఉన్నది. ఒకే డ్రైవ్‌లో ఉంచి నిశ్చింతగా ఉండడం ఆ నిబంధన ఉద్దేశాన్ని నెరవేర్చదు.

డిజీలాకర్ గురించి తరచు అడుగుతుంటారు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవలో రెండు అరలున్నాయని గుర్తుంచుకుంటే చాలు. ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రం ఒక అరలో ఉంటుంది. నిబంధనల ప్రకారం అది అసలుతో సమానం. మనమే ఫొటో తీసి ఎక్కించినది రెండవ అరలో ఉంటుంది. అది ఎక్కడ పెట్టినా ఫొటోయే, డిజీలాకర్‌లో పెట్టినంత మాత్రాన అసలు కాబోదు. దీనికి కూడా ఆధార్‌కు జతపడిన మొబైల్ నంబరే తాళంచెవి.

ఆచరణలో

అసలు కాగితం ఇంట్లో గాని, లాకరులో గాని. ఫొటో క్లౌడ్‌లో. మరొక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, అదీ వేరే ఊరిలోని కుమార్తె ఇంట్లోనో తమ్ముని ఇంట్లోనో. చాలామందికి ఇంతకు మించిన ఏర్పాటు అక్కరలేదు. పెన్‌డ్రైవ్‌ను సంవత్సరానికొకసారి తెరిచి చూడాలి, అవి కూడా పాడవుతాయి. ఉగాదికి లెక్కల పుస్తకం మార్చే డీలర్లు ఆ రోజుననే ఈ పని పెట్టుకోవచ్చు. క్లౌడ్‌లో ఉన్నదన్న నమ్మకంతో ఆగిపోక, వేరొకరి ఫోనులో మన ఖాతా తెరిచి, ఒక బిల్లును వెదికి పట్టుకోగలమా అని పరీక్షించాలి. పని పూర్తయిన వెంటనే ఆ ఫోనులో నుండి మన ఖాతాను తొలగించడం మరువరాదు.

ఫైలును ఇతరులకు పంపేటప్పుడు "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అనే ఎంపికను ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు వివరాలున్న ఫైళ్ళకు వాడరాదు. ఒక గ్రూపులో వేసిన లింకు ఎన్ని చేతులు మారుతుందో ఎవరి ఊహకూ అందదు. చూడవలసిన వారి మెయిలుకు మాత్రమే అనుమతి ఇచ్చి, పని ముగిశాక తీసివేయడం ఉత్తమం. నెట్ సెంటరు కంప్యూటరులో ఖాతా తెరిచినవారు లాగౌట్ చేసి, అక్కడ దింపుకున్న ఫైళ్ళను చెరిపివేసిన తరువాతనే లేచి రావాలి. రుణం ఇప్పిస్తామని ఫోను చేసి పాస్‌వర్డు, ఓటీపీ అడిగేవారు ఎవరైనా సరే, బ్యాంకు పేరు చెప్పినా సరే, వారికి చెప్పకూడదు. మా సిబ్బంది ఎవరూ వాటిని అడగరు.

ఇంటి యజమాని హఠాత్తుగా మరణిస్తే ఆ ఫోను తెరవలేక, బీమా పత్రం ఎక్కడున్నదో తెలియక, భార్య, పిల్లలు బ్యాంకు వరండాలో నిలబడడం మా ఉద్యోగంలో తరచు చూసే దృశ్యం. గూగుల్ ఖాతాలో ఇందుకొక ఏర్పాటున్నది. మనం నిర్ణయించిన గడువు మేరకు, అనగా 3 నుండి 18 నెలల వరకు, ఖాతా వాడకంలో లేకపోతే మనం పేర్కొన్నవారికి సమాచారం పంపి, మనం అనుమతించిన ఫైళ్ళను వారికి అందజేస్తారు. గరిష్ఠంగా 10 మంది పేర్లు ఇవ్వవచ్చు. అయితే అంత్యక్రియల మరునాడే కావలసిన బీమా పత్రానికి మూడు నెలల గడువు చాలా ఎక్కువ. కనుక ఏ కాగితం ఎక్కడున్నది, ఏ ఖాతా ఏ నంబరుతో ఉన్నది అన్న వివరాలను ఒక తెల్లకాగితం మీద సొంత దస్తూరీతో రాసి, పాసుపుస్తకంలో మడిచిపెట్టి, ఆ సంగతి ఇంటి ఇల్లాలికి చెప్పి ఉంచండి. పాస్‌వర్డును మాత్రం ఆ కాగితం మీద రాయవద్దు. దానిని సీలు వేసిన కవరులో వేరుగా ఉంచితే చాలును.