సంఘానికి సర్వరు: ఏ రకము తగినది?

లక్సెట్టిపేట ప్రాంతంలో తనిఖీకి వెళ్ళినప్పుడు కార్యదర్శులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది: "సార్, సర్వరు కొనమంటున్నరు. ఏది కొనాలె?" పాల తూకము, వెన్న శాతము, సభ్యుల బిల్లులు అన్నీ కంప్యూటరులోకి చేరినవి. కొనే సొమ్ము సంఘానిది, అంటే మనందరిది. కనుక ఈ విషయము సభ్యులందరూ తెలుసుకొనదగినది.

సర్వరనగా లెక్కలను ఒకచోట దాచి, పలు కంప్యూటర్లు అడిగినప్పుడు అందించే యంత్రము. ఆకారమును బట్టి ఇవి ముఖ్యముగా మూడు రకాలు.

1. టవరు: మామూలు కంప్యూటరు పెట్టెవలె నిలువుగా నిలబడుతుంది. బల్ల పక్కన పెట్టుకోవచ్చును. ప్రత్యేకమైన చట్రము అక్కరలేదు. ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ. అయితే నాలుగైదు చేరితే గది ఇరుకవుతుంది.

2. ర్యాకు: 19 అంగుళాల వెడల్పు గల ఇనుప చట్రములో, అరలలో క్యాన్లు పేర్చినట్లు, బల్లపరుపుగా అమర్చేది. ఒక్కొక్క అర ఎత్తు 1.75 అంగుళాలు. 42 అరల చట్రము ఆరడుగులు దాటుతుంది. ఫ్యాన్ల హోరు ఎక్కువ. చల్లని గది కావలెను.

3. బ్లేడు: పలుచని పలకల వంటి సర్వర్లను ఒకే పెట్టెలో గుచ్చుతారు. కరెంటు, ఫ్యాన్లు అన్నిటికీ ఉమ్మడి. 10 అరల ఎత్తు గల పెట్టెలో 16 సర్వర్లు పట్టే రకము కూడా ఉన్నది. చోటు కలిసివస్తుంది గాని, ఒకటి రెండు సర్వర్లకోసం పెట్టె మొత్తము కొనడము, పది లీటర్ల పాలకు పెద్ద బల్కు కూలరు పెట్టినట్లే.

2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతములో ప్రారంభించిన వంటి డేటా కేంద్రాలకు చట్రాల వరుసలే తగినవి. మన అవసరము అంత పెద్దది కాదు. గ్రామ సంఘానికి పాల సేకరణ కంప్యూటరు ఒక్కటి చాలును. పలు సంఘాల లెక్కలు చేరే శీతలీకరణ కేంద్రానికి ఒక టవరు సరిపోతుంది. ఇంకా పెరిగితేనే ర్యాకు ఆలోచించవలెను.

ఏ రకమైనా వేడికి ఓర్వదు. సాధారణముగా సర్వర్లకు 35 డిగ్రీలు హద్దు. మన మే నెల ఎండ 40 దాటుతుంది.

కొన్నేళ్ళ క్రితము ఒక సంఘములో ఉన్న ఒక్క కంప్యూటరు ఉరుముల వానలో కాలిపోయినది. నకలు లేదు. పక్షపు బిల్లు కట్టుటకు సభ్యుల పాసుపుస్తకాలు ఒక్కొక్కటే తిప్పవలసి వచ్చినది. పుస్తకములో రాయించుకోని వారి పాలకు రుజువు లేకపోయినది.

కనుక కొటేషన్లు చూసే ముందు పాలకవర్గము ఈ మూడూ అడగవలెను: కరెంటు పోతే నిలిపే యూపీఎస్ ఉన్నదా? ప్రతి పూట లెక్కకు వేరొకచోట నకలు ఉన్నదా? చెడిపోతే బాగుచేయువారు ఎంత దూరములో ఉన్నారు? జవాబులు దొరికిన తరువాతనే తీర్మానము రాయండి. సభ్యులు మాత్రము పాసుపుస్తకములో రాయించుకొనుట మానరాదు.