నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కంప్యూటర్

మిక్సీ పాడైతే తిరగదు. ఇస్త్రీపెట్టె పాడైతే వేడెక్కదు. ఇంట్లో కంప్యూటర్ సంగతి అలా కాదండీ. పొద్దున్న పిల్లలు కూర్చుంటే గంటసేపు బుద్ధిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం మీరు చీటీల లెక్క చూసుకుందామని కూర్చున్న పావుగంటకే టక్కున ఆగిపోతుంది. లేదా నీలం తెర వేసి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. తీరా బాగుచేసే అబ్బాయి వచ్చేసరికి, బడి వేళ దాటాక కడుపునొప్పి తగ్గిపోయిన పిల్లాడిలా ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

ఆ అబ్బాయి కాసేపు చూసి "ఫార్మాట్ కొట్టేద్దామండీ" అంటాడు. కాకపోతే "మదర్‌బోర్డు పోయిందండి, కాకినాడ తీసుకెళ్ళాలి" అంటాడు. మొదటి మాటకి తల ఊపితే మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలు పోతాయి. రెండో మాటకి వేలు పోతాయి. చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేసి విండోస్‌ని మళ్ళీ ఎక్కించడం. దుమ్ము వల్లో కరెంటు వల్లో ఆగిపోతున్న పెట్టెకి ఫార్మాట్ చేయడమంటే, పొయ్యి మండలేదని పిండి పారబోసినట్టే.

అందుకే అన్నిటికంటే ముందు, యంత్రం ఇంకా నడుస్తుండగానే, ఫోటోలు, లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లోకో విడి హార్డ్‌డిస్కులోకో ఎక్కించుకోండి. ఈ పని రేపటికి పెట్టకండి. డిస్కు మీద రాస్తుండగా కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ ఏదో ఒక ఫైలు చెడే ప్రమాదం ఉంది. లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మరీ తొందరపడాలి. అది డిస్కు చివరి రోజుల చప్పుడు కావచ్చు.

తరవాత, పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ దీనికి కేటాయించండి. ఆగినప్పుడల్లా తేదీ, టైము, పెట్టిన ఎంతసేపటికి ఆగింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఇంట్లో ఇంకేం నడుస్తున్నాయి, ఇవి రాయండి. పది రోజులు చాలు. ఇదేదో చిన్న పని అనుకోకండి. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలోని మార్క్ టూ అనే భారీ కంప్యూటర్ మొరాయిస్తే, పనిచేసేవాళ్ళు వెతికి వెతికి ఒక రిలేలో ఇరుక్కున్న పురుగును పట్టుకున్నారు. ఆ పురుగును లెక్కల పుస్తకంలోనే టేపు వేసి అంటించారు. ఆ కథను ఊరూరా చెప్పి ప్రచారం చేసింది గ్రేస్ హాపర్ అనే గణిత శాస్త్రవేత్త, ఆ బృందంలో పనిచేసిన మహిళే. ఆ పేజీ ఇప్పటికీ స్మిత్సోనియన్ మ్యూజియం వారి దగ్గర భద్రంగా ఉంది.

మీ పేజీలో అన్నీ మధ్యాహ్నాలే ఉన్నాయా? పెట్టిన అరగంటకో, పిల్లలు ఆటలాడుతున్నప్పుడో ఆగుతోందా? అయితే వేడిని అనుమానించండి. మన యానాంలో ఒక పక్క గౌతమి, ఇంకో పక్క సముద్రపు గాలి. మే నెలలో చెమట ఆరదు. ఈ తేమకి దుమ్ము పొడిగా ఉండదు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకి జిడ్డు పట్టినట్టు కంప్యూటర్ లోపలి ఫ్యాన్‌కి పట్టేస్తుంది. ఫ్యాన్ బరువుగా తిరుగుతుంది, ప్రాసెసర్ కాగుతుంది. సుమారు 100 డిగ్రీల దగ్గర అది మాడిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది. అంటే టక్కున ఆగిపోవడం రోగం కాదు, రోగం నుంచి కాపాడుకోవడం.

శుభ్రం చేయడం మీరే చేయవచ్చు. గోడ దగ్గర ప్లగ్గు పీకేసి, పెట్టెను వరండాలోకి తెచ్చి, పక్క మూత తీసి, పొడి పెయింటింగ్ బ్రష్‌తో మెల్లగా దులపండి. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. తడిగుడ్డ మాత్రం పనికిరాదు. కరెంటు తీగ వచ్చి చేరే ఇనప డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్ళకండి. ప్లగ్గు పీకాక కూడా దానిలో కరెంటు నిలవ ఉంటుంది. ప్రాసెసర్ మీద ఉండే పేస్టు ఏళ్ళు గడిచి ఎండిపోతే, అది మార్చే పని ఆ అబ్బాయికి వదిలేయండి.

ఫ్రిజ్ మొదలైనప్పుడో, నీళ్ళ మోటారు వేసినప్పుడో ఆగుతుంటే అది కరెంటు తగువు. యూపీఎస్ ఉన్నా ధీమా వద్దు, బ్యాటరీ మూడేళ్ళు దాటితే పరీక్షించాలి. తెరిచినవన్నీ మూసేసి యూపీఎస్ ప్లగ్గు తీయండి. కంప్యూటర్ వెంటనే చచ్చిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. పెట్టె ఇనప భాగం ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందా? ఎర్తు లేదన్నమాట. సాకెట్‌లో పట్టలేదని ప్లగ్గు మూడో కాలు విరిచేసేవాళ్ళు ఉన్నారు, ఆ పని చేయకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు చూపించండి. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోతే దానిలో నీళ్ళు పోయించాల్సి ఉంటుంది.

పుస్తకంలో ఏ వరసా కనబడకపోతే, పైగా నీలం తెర మీద ఒక్కోసారి ఒక్కో మాట వస్తుంటే, ర్యామ్ పుల్లలను చూడమనండి. ఉప్పుగాలికి వాటి అంచులు మసకబారుతాయి. పుల్ల తీసి, అంచును పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, తిరిగి గట్టిగా కూర్చోబెడితే చాలాసార్లు కుదుటపడుతుంది. పది నిమిషాల పని. రెండు పుల్లలుంటే ఒక్కొక్కటే పెట్టి ఒక్కోరోజు నడపమనండి, చెడ్డదేదో బయటపడుతుంది.

విండోస్ కూడా తన పుస్తకం తాను రాసుకుంటుందని చాలామందికి తెలియదు. వెతికే గడిలో ఇంగ్లీషులో 'రిలయబిలిటీ' అని కొడితే తేదీలవారీగా పట్టిక వస్తుంది. యంత్రం పడిపోయిన రోజుల్లో ఎర్రటి ఇంటూ గుర్తులుంటాయి. ఏదో కొత్త ప్రోగ్రాం ఎక్కించిన రోజు నుంచే గుర్తులు మొదలైతే, ముందు దాన్ని తీసేసి చూడండి.

పెట్టెను నేల మీద పెట్టేవాళ్ళకి ఒక మాట. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పీట మీదో స్టూలు మీదో, గోడకి జానెడు దూరంలో పెట్టండి. వెనక ఖాళీగా తెరిచి ఉన్న సందులకి రేకు బిళ్ళలు వేయించండి. బల్లులకి వెచ్చటి చోటంటే మహా ఇష్టం.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగుతుంటే, అప్పుడు మీ పేజీ ఆ అబ్బాయి చేతికిచ్చి చదవమనండి. మదర్‌బోర్డు మాట ఎత్తేముందు, మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి రెండు రోజులు పెట్టి చూడమనండి. బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో మీకూ చూపించమనండి. ఉబ్బి ఉంటే అతను చెప్పింది నిజమే కావచ్చు. ఏ భాగం మార్చినా బిల్లుతో పాటు పాతది అడిగి తీసుకోండి, పాత సామానువాడు దానికీ ఎంతో కొంత ఇస్తాడు.